పాత లారీకి గుండ్రటి మూలలు

విండ్ టన్నెల్ లేదమ్మా

మా ఎదురు ఫ్లాటులోకి ఈ ఏడు ఒక అమ్మాయి అద్దెకి దిగింది. రాజమండ్రి పిల్ల. కరెంటు లారీలు తయారుచేసే కంపెనీలో డిజైను ఇంజినీరు. నేను మద్రాసు అంబత్తూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో బతుకంతా ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. ఒక ఆదివారం కాఫీకి వచ్చి, గ్లాసు ఇంకా చేతిలోకి తీసుకోకముందే అడిగింది.

"ఆంటీ, అప్పట్లో మీకు విండ్ టన్నెల్ ఉండేదా?"

నాకు పొలమారింది. విండ్ టన్నెలా! బండిని లోపల నిలబెట్టి, మనకి కావలసినంత గాలి ఊది చూసే గది! వానాకాలం వస్తే మా షెడ్డుకి నేలే ఉండేది కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని, వెల్డింగ్ తీగలు ఎక్కడ మునిగాయో చూసుకుంటూ లోపలికి పోయేవాళ్లం. మాకున్న విండ్ టన్నెల్ ఒక్కటే, నెల్లూరు రోడ్డు. అందులో గాలి మా మాట వినేది కాదు.

ఆ పిల్ల వదిలిపెట్టే రకం కాదు. ఇవన్నీ రాయండి ఆంటీ, మా ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లందరి చేతా చదివిస్తాను అని వారం వారం వెంటపడింది. అందుకని రాస్తున్నాను. నాకు ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎవరి బల్ల మీద పడుకుంది, ఇలాంటివి ఇందులో ఉండవు. అవి తలుచుకుంటే నాకే ఆవలింత వస్తుంది. పాత లారీకీ గాలికీ ఉన్న తగువు ఏమిటి, దాన్ని తీర్చబోయి మేము ఎన్ని వేషాలు వేశాం, అంతవరకే.

ముందు ఆ రోజుల్లో లారీ ఎలా ఉండేదో చెప్పాలి. కంపెనీ వాడు ఇంజనూ చక్రాలూ ఉన్న చాసిస్ మాత్రమే ఇచ్చేవాడు. దాని మీద క్యాబినూ, సరుకు పెట్టే బాడీ రెండూ మాలాంటి షెడ్లలో కట్టేవాళ్లం. లోపల కొయ్య, పైన రేకు. కట్టేది వడ్రంగులు గనక క్యాబిన్ అచ్చం బీరువాలా ఉండేది. ముఖం చదును, మూలలు పదును. ఆ బీరువా నెత్తిన ఒక ఇనప కారియరు. దాని మీద డ్రైవరు పొయ్యి, పరుపు చుట్ట, తాళ్లు, విడి టార్పాలిను. ముందు వైపు పేరు బోర్డు, హారన్లు, దిష్టికి కట్టిన నల్ల కుచ్చులు. ఈ సరంజామా అంతా ఎత్తుకుని హైవే మీద పరుగెత్తమంటే, ఇంజను పడే కష్టంలో పెద్ద వాటా గాలిని తోసుకుని పోవడానికే సరిపోతుంది. డీజిలు పోసేది సరుకు మోయడానికి అనుకుంటారు ఓనర్లు. పాపం, వాళ్లకి ఎవరూ చెప్పరు.

చెయ్యి బయట పెట్టించిన బాసు

నా మొదటి బాసు వరదరాజన్ సార్. వర్క్స్ మేనేజరు. గొంతు గేటు దాకా వినపడేది. షెడ్డులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. చేరిన రోజు నన్ను ఎగాదిగా చూసి, వారం ఉంటావా అమ్మా అని తమిళంలో అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఉంటాను సార్ అన్నాను. అయితే రేపు నెల్లూరు పోయే లారీ ఎక్కు అన్నాడు.

ఎందుకో చెప్పలేదు. రోడ్డు ఖాళీగా ఉన్న చోట చెయ్యి కిటికీలోంచి బయట పెట్టమన్నాడు. కాసేపు అరచెయ్యి గాలికి ఎదురుగా, కాసేపు చెయ్యి అంచు గాలికి ఎదురుగా. బండి నెమ్మదిగా ఉన్నప్పుడోసారి, జోరు మీద ఉన్నప్పుడోసారి. సాయంత్రం తిరిగొచ్చి భుజం పట్టుకుని నిలబడితే, నొప్పి ఎప్పుడు ఎక్కువగా ఉంది అని అడిగాడు. అంతే, పాఠం అయిపోయింది.

వేగం పెరిగితే గాలి అడ్డు అంతకు మించి పెరుగుతుందని నాకు కాలేజీలోనే తెలుసు. పరీక్షలో రాశాను కూడా. కానీ పరీక్షలో రాసింది పరీక్షతోనే పోయింది. భుజానికి తెలిసింది మాత్రం ఇప్పటికీ పోలేదు. మీరు ఇప్పుడా పని చేయకండి, పక్కనుంచి మోటారు సైకిళ్లు దూసుకొస్తాయి. అద్దం కాస్త దించుకుని వేలి కొసలు పెట్టి చూడండి, చాలు.

వరదరాజన్ సార్ దగ్గర ఒకటే చిక్కు. ఆయనకి అందం పిచ్చి. బండి చూసి జనం నోరు తెరవాలి.

టోపీ సంగతి

ఒకసారి ఆయన ఏదో పుస్తకంలో విదేశీ లారీ బొమ్మ చూశాడు. క్యాబిన్ నెత్తిన ఎత్తుగా, ఏటవాలుగా ఒక రేకు. ఎదురొచ్చే గాలిని పైకి ఎగదోసి, వెనక ఉన్న పెట్టె మీదుగా పంపిస్తుంది. మా షెడ్డులో దానికి టోపీ అని పేరు పెట్టాం. సార్ ముచ్చటపడి ఒక బ్రహ్మాండమైన టోపీ చేయించి, అప్పుడు చేతికి దొరికిన లారీకి బిగించేశాడు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది బండి. అందరం చప్పట్లు కొట్టాం.

మైలేజీ పడిపోయింది.

సార్ ముందు డ్రైవరుని తిట్టాడు. తరవాత బంకు వాడిని తిట్టాడు. ఆ తరవాత డీజిలులో కిరసనాయిలు కలుస్తోందన్నాడు. డ్రైవర్లని మార్చాడు, బంకు మార్చాడు. ఏం చేసినా అంతే. ఒకరోజు నేను ఆ లారీలోకి సరుకు ఎక్కిస్తుంటే చూశాను. ఇనప ప్లేట్లు. బాడీ అడుగున పరిచేస్తే నా మోకాలెత్తు కూడా లేదు సరుకు. క్యాబిన్ వెనక అంతా ఖాళీ ఆకాశం. టోపీ గాలిని పైకి పంపి కాపాడ్డానికి వెనక ఏ పెట్టే లేదు. ఆ టోపీయే గాలికి అడ్డం నిలబడి ఇంజను చేత తోయించుకుంటోంది.

ఎత్తు సరుకే లేని బండికి ఇదెందుకు సార్ అన్నాను. ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. కొన్నాళ్లకి టోపీ తానే విప్పించి పెరట్లో పడేయించాడు. వానొస్తే కుక్కలు దాని కింద పడుకునేవి. కానీ ఆయనలో గొప్ప గుణం ఏమిటంటే, ఆ తరవాత కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఆ కథ తానే చెప్పేవాడు. ఎవడో తెలివితక్కువ మేనేజరు ఇలా చేశాడట అని మొదలుపెట్టి, ముందు లోడు ఏమిటో అడగండిరా అని ముగించేవాడు. నేను పక్కనే నిలబడి తల ఊపేదాన్ని. ఇలాంటి బాసు దొరికితే వదులుకోకండి.

అక్కడి నుంచి నాకో అలవాటు అయింది. బండి ముఖం తరవాత చూడొచ్చని, ముందు మూడు సంగతులు అడిగేదాన్ని. ఏం మోస్తారు, ఎక్కడికి మోస్తారు, ఎంత జోరుగా పోతారు. పొద్దస్తమానం అంబత్తూరుకీ హార్బరుకీ మధ్య ట్రాఫిక్కులో నత్తలా పాకే లారీకి టోపీ పెట్టడం శుద్ధ మోసం. అలాంటి వాళ్లని టైర్లలో గాలి సరిచూసుకోండి నాయనా అని వెనక్కి పంపేసేదాన్ని. మా సేల్సు చూసే ఆయనకి నన్ను చూస్తే ఒళ్లు మండేది. మండనీ అనుకున్నాను.

కోదండం బండి

ఇక అసలు కథకి వస్తాను. అప్పటికి నేనే వర్క్స్ మేనేజరుని. వరదరాజన్ సార్ రిటైరైనా ఇంట్లో కాలు నిలవక రోజూ షెడ్డుకి వచ్చి కూర్చునేవాడు.

కోదండం అని డ్రైవరు. వ్యాసర్పాడిలో ఇల్లు. తాతల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన నడిపే లారీ పెరంబూరులో ఉండే మునిరత్నం గారిది. మునిరత్నం గారికి చాలా లారీలు ఉన్నాయి, అన్నిట్లో ముసలిది ఇదే. మా షెడ్డులోనే కట్టిన బీరువా క్యాబిను. పెట్టెల్లో సామాను మద్రాసు నుంచి నెల్లూరుకీ, అక్కడి నుంచి ఇక్కడికీ తోలేది. దీపావళికి కొత్త లారీ దించుతున్నారు ఓనరు. పాతది పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేయాలని నిశ్చయం అయిపోయింది.

కోదండం ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి చెప్పాడు.

"బండి పోతే నాకు గేటు కాడ కుర్చీ ఏస్తాడంటమ్మా ఓనరు. కొత్త బండికి కుర్రోళ్లు కావాలంట. ఆయన మంచోడే, జీతం తగ్గించేది లేదన్నాడు. కానీ నేను ఆ కుర్చీలో కూర్చుని వచ్చే బండి పోయే బండి చూస్తా ఉంటే, రెండు నెల్లు బతకనమ్మా."

ఈ మాటలు ఆయన ఏడుస్తూ చెప్పలేదు. మామూలుగానే చెప్పాడు. అందుకే నాకు ఎక్కువ బాధనిపించింది. వెంటనే మునిరత్నం గారికి ఫోను చేశాను. ఆయన వచ్చి, నవ్వుతూనే బేరం పెట్టారు. "గాలిని వంచతారంట గదా ఇంజినీరమ్మా మీరు. వంచండి చూస్తాం. లీటరుకి అర కిలోమీటరు ఎక్కువ ఇచ్చిందంటే బండి ఉంటాది, కోదండమూ ఉంటాడు. లేదా, రెండూ దిగిపోతాయి." నింపిన ట్యాంకుతో బయల్దేరి నెల్లూరు పోయి రావాలి, అదే లోడు, అదే బంకు, మళ్లీ మూతిదాకా నింపి చూడాలి. దీపావళి లోపల.

అర కిలోమీటరు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. లీటరుకి నాలుగుంపావు ఇచ్చే బండిని అడిగితే అది చిన్నదేం కాదు.

తేలికగా దొరికేవి ముందు ఏరుకున్నాం. ఒక బ్రేకు పట్టుకుపోయి చక్రాన్ని లాగుతోంది, సరిచేశాం. టైర్లు, అలైన్‌మెంటు చూశాం. వెనక లోడు ఎత్తుకి సరిపోయే చిన్న టోపీ పెట్టాం, ఈసారి కొలతలు తీసుకునే. టార్పాలిను బెలూనులా ఉబ్బకుండా బిగించి కట్టడం నేర్పాం. నెత్తిన కారియరు తీసేస్తాం అన్నప్పుడు మాత్రం కోదండానికి కోపం వచ్చింది. నా పొయ్యి ఏడ పెట్టేది, నా పరుపు ఏడ పెట్టేది అని తగువుకి దిగాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉన్న ఖాళీలో పెద్ద పెట్టె కట్టించి ఇస్తే, తలుపు తీసి వేసి, తీసి వేసి చూసుకుని శాంతించాడు. ఆ ఖాళీలోకి దూరి అల్లరి చేసే గాలికి కూడా ఆ పెట్టెతో కొంత అడ్డు పడింది.

మొదటి ట్రిప్పులో ఏమీ పెరగలేదు. నాకు మతి పోయింది. రెండో ట్రిప్పుకి నేనూ ఎక్కి కూర్చున్నాను. సంగతి అప్పుడు అర్థమైంది. బండి తేలికగా లాగుతోందని కోదండం జోరు పెంచాడు. పైగా వెనక నుంచి ఎవరైనా హారన్ కొడితే ఆయన కాలు దానంతట అదే కిందికి పోతుంది. ఆయన్ని ఎవరూ దాటిపోకూడదు, అదొక వ్రతం. మేము గాలి దగ్గర మిగిల్చిందంతా ఆయన మళ్లీ గాలికే ఇచ్చేస్తున్నాడు. బాగా తిట్టాను. ఇక తొక్కనని ఒట్టు పెట్టాడు. ఆ తరవాత ట్రిప్పుకి పెరిగింది, కావలసిన దాంట్లో సగం. మిగతా సగం ఎక్కడి నుంచి తేవాలో నాకు తోచలేదు.

పూజ అయ్యాక

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. మా అంబత్తూరులో ఆ రోజు ఒక్క మిషను తిరగదు. లేతు మిషన్లకి గంధం, కుంకుమ, గేటు దగ్గర దిష్టి గుమ్మడికాయ, అందరి చేతుల్లో బొరుగులూ పుట్నాలూ. కోదండం తన లారీని కడిగి, పూలదండలు వేసి, ముందు రెండు మూలలకీ రెండు అరటి చెట్లు కట్టాడు. మామూలు పిలకలు కాదు. నా తొడంత లావు బోదెలు, క్యాబినంత ఎత్తు. ఎక్కడి నుంచి తెచ్చాడో, బంపరు నుంచి పైదాకా తాడు చుట్టి మూలలకి హత్తుకునేలా బిగించాడు. గాలికి ఊగి పడిపోకూడదని.

మర్నాడే ట్రిప్పు ఉంది. బోదెలు విప్పమంటే వినడు. పూజకి కట్టినవి వాడిపోయి వాటంతట అవి రాలాలే గానీ మనం తీయకూడదట. సరే, ఈ ట్రిప్పు లెక్కలోకి రాదులే అనుకుని పోనిచ్చాను. రెడ్ హిల్స్ దాటకముందే, టీకి ఆగిన చోట ఆవులు ఆకులన్నీ తినేశాయట. మొండి బోదెలతో నెల్లూరు పోయి వచ్చాడు.

ఆ ట్రిప్పులో మైలేజీ పెరుగుదల అర కిలోమీటరుకి దగ్గరగా వచ్చింది.

నేను నమ్మలేదు. బంకులో సరిగా నింపలేదనుకున్నాను. వెనక గాలి తోసిందనుకున్నాను, కానీ పోవడమూ రావడమూ రెండూ ఉన్నాయి కదా. వారానికి బోదెలు కుళ్లి వాసన వేస్తుంటే కోదండం వాటిని విప్పి దణ్ణం పెట్టి పారేశాడు. ఆ తరవాత ట్రిప్పు మళ్లీ సగానికి వచ్చి కూర్చుంది. కోదండం దిగులుగా, అమ్మవారు దిగిపోయిందమ్మా అన్నాడు. నేను నవ్వబోయి ఆపుకున్నాను. ఏం దిగిపోయిందో ఏమో, బండి మీది నుంచి దిగిన మాట నిజం.

మర్నాడు కోయంబేడు మార్కెట్టుకి మనిషిని పంపి రెండు అరటి బోదెలు తెప్పించాను. ఆకులు కొట్టించి, సరిగ్గా ఆయన కట్టినట్టే మూలలకి కట్టించాను. వరదరాజన్ సార్ కుర్చీలోంచి లేచి వచ్చి, పూజ అయిపోయి ఇన్నాళ్లయింది, ఇంకా పందిరి తీయలేదా అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నవ్వండి అన్నాను.

ఎర్ర ఉన్ని

పెరంబూరులో ఒక దుకాణం నుంచి ఎర్ర ఉన్ని తెప్పించి, బెత్తెడు ముక్కలుగా కత్తిరించి, క్యాబిన్ పక్కల మీద వరసగా టేపుతో అంటించాం. గాలి కంటికి కనపడదు, దారం కనపడుతుంది. కోదండం లారీ నడుపుతుంటే, నేను షెడ్డు వ్యానులో పక్కనే పోతూ ఫోనులో వీడియో తీశాను. ఒకసారి బోదెలు లేకుండా, ఒకసారి బోదెలతో. టోలు గేటు దగ్గర అమ్మాయి, ఇది ఏ ఊరి జాతర అని అడిగింది.

సాయంత్రం వీడియో చూశాను. బోదెలు లేనప్పుడు మూల వెనక ఉన్న దారాలన్నీ పిచ్చెక్కినట్టు చిందులు తొక్కుతున్నాయి. కొన్నయితే ముందుకి తిరిగి చూస్తున్నాయి. బోదెలు కట్టినప్పుడు అవే దారాలు దువ్విన జుట్టులా వెనక్కి పడుకున్నాయి.

ఇరుకు సందు మలుపులో సైకిలు జోరుగా తిప్పలేం, దూరంగా పోయి తిరుగుతుంది. గాలికీ అంతే. చదునైన ముఖానికి కొట్టుకుని పక్కకి పరుగెత్తిన గాలి, పదునైన మూల దగ్గర తిరగలేక గోడని వదిలేసి దూరంగా పోతోంది. ఆ మధ్యలో మిగిలిన చోట సుడులు. ఆ సుడులే బండిని వెనక్కి లాగుతున్నాయి. లావుపాటి బోదె ఆ మూలని గుండ్రంగా చేసింది, గాలి దాన్ని పట్టుకుని మెల్లగా తిరిగింది. ఇందులో కొత్తేమీ లేదు, ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. మేము అందరం నెత్తిన టోపీ గురించి కొట్టుకుంటూ ఉండిపోయాం. మూలల వైపు ఎవరమూ చూడలేదు, ఎందుకంటే ఆ మూలలు మా వడ్రంగులు తరతరాలుగా అలాగే కట్టారు. పైగా పూజకి కట్టిన దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఇదంతా కోదండానికి వివరించాను. శ్రద్ధగా విని, అమ్మవారు ఆ మూలల్లో ఉండాదని నేను ముందే చెప్తిని గదమ్మా అన్నాడు. సరే నాయనా, ఉంది అన్నాను.

మా వడ్రంగి ఒక బోదె ముక్కని ఆనవాలుగా పెట్టుకుని, కొయ్యని గుండ్రంగా చెక్కి, పైన రేకు తాపడం చేసి రెండు మూలలకీ బిగించాడు. క్యాబిన్ పై అంచుని కూడా అలాగే చేశాం. పెయింటరు వెటకారానికి మూలలకి లేత ఆకుపచ్చ రంగు వేశాడు. కోదండానికి అది ఎంత నచ్చిందంటే, మార్చనివ్వలేదు.

తడ దాటాక

దీపావళి దగ్గరకి వచ్చేసింది. ఆఖరి ట్రిప్పుకి మునిరత్నం గారు, నేను కూడా వస్తాను, నా కళ్లతో చూస్తేనే నమ్ముతాను అన్నారు. క్యాబిన్లో ముగ్గురం. కిటికీ పక్కన ఓనరు, మధ్యలో నేను, స్టీరింగ్ దగ్గర కోదండం. మాధవరం దగ్గర బంకులో మూతిదాకా నింపించి బయల్దేరాం.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక మాట చెప్పి తీరాలి. రేకులూ మూలలూ ఎంత బాగా కట్టినా, చివరికి లెక్క డ్రైవరు కాలి కింద ఉంటుంది. అది ఒప్పుకోని ఇంజినీరు తనని తాను మోసం చేసుకుంటున్నట్టే. ఆ రోజు నాకు మూలల మీద భయం లేదు. కోదండం కాలి మీదే భయం.

నెల్లూరు దాకా బాగానే పోయాం. దారిలో కార్లు దాటిపోయాయి, బస్సులు దాటిపోయాయి. కోదండం పళ్లు బిగించుకుని ఊరుకున్నాడు. లోడు దించి, మరో లోడు ఎక్కించుకుని తిరిగి బయల్దేరాం. ఓనరు ఇడ్లీ తిని హాయిగా కునుకు తీశారు.

తడ దాటాక వెనక నుంచి పొడుగ్గా హారన్ వినపడింది. కొత్త లారీ ఒకటి మా పక్కకి వచ్చింది. పెరంబూరులోనే ఉండే ఇంకో ఓనరుది, మునిరత్నం గారికి అసలు పడని మనిషిది. ఆ కుర్ర డ్రైవరు మా ఆకుపచ్చ మూలలు చూసి ఏదో అని పెద్దగా నవ్వి, మా ముందుకి పోయాడు.

మునిరత్నం గారి కునుకు ఎగిరిపోయింది.

"తొక్కు కోదండం, తొక్కు. వాడి బండి మన ముందర పోతాదా?"

పరీక్ష పెట్టినది ఈయనే, చెడగొట్టేదీ ఈయనేనా. ఏదో అనబోయాను. ఆయన నన్ను పట్టించుకునే స్థితిలో లేరు. డాష్‌బోర్డు మీద అరచేత్తో కొడుతున్నారు. తొక్కితే అర కిలోమీటరు పోతుంది. తొక్కకపోతే, ఓనరు పక్కన కూర్చుని చెప్పినా విననివాడిని ఎవరు ఉంచుకుంటారు? కోదండం వైపు చూశాను. దాటనివ్వకూడదనే కోరిక ఓనరుకంటే ఆయనకే ఎక్కువ, అది నాకు తెలుసు. కానీ కాలు మాత్రం ఉన్న చోటే ఉంది. రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"అయ్యా, ఈ ఒక్క దినం నన్ను ఇట్లే పోనీండి. రేపటినుంచి మీ ఇష్టం."

మునిరత్నం గారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ కొత్త లారీ చిన్నదై, చుక్కై, కనపడకుండా పోయింది. గుమ్మిడిపూండి వచ్చింది, పోయింది. కోదండం ఓడినా గెలిచినా ఆ మాట అన్నందుకు లేచి దణ్ణం పెట్టాలనిపించింది.

బంకులో బండిని పొద్దున నిలబెట్టిన చోటే నిలబెట్టాం. డీజిలు మూతిదాకా పోయించాం. నేను లెక్క వేశాను. నమ్మకం కుదరక మళ్లీ వేశాను. మునిరత్నం గారు కాగితం నా చేతిలోంచి తీసుకుని తన ఫోనులో తానే వేసుకున్నారు. అర కిలోమీటరు దాటింది. ఎంతో కాదు, ఒక వెంట్రుకవాసి. కానీ దాటింది.

కోదండం దూరంగా, గాలి గొట్టం దగ్గర నిలబడి ఉన్నాడు. లెక్క సంగతి ఆయనకి ఇంకా తెలియదు. ఓనరు ముఖం చూసి పని అయిపోయిందనే అనుకున్నాడు. జేబులోంచి బండి తాళం తీసి రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు, ఇచ్చేయడానికి. గెలిచావయ్యా అని నేను చెప్పేలోపే ఓనరు ముందుకి వచ్చారు.

మునిరత్నం గారు తాళం తీసుకోలేదు. కోదండం చేతుల్ని తాళంతో సహా వెనక్కి తోశారు.

"రేపటినుంచి నా ఇష్టం అంటివి గదా. నా ఇష్టం ఇదే. రేపు గూడా ఇట్లే పో."

కోదండానికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన తాళం పిడికిట్లో బిగించి అడిగాడు.

"రేపు లోడు ఏడికి, అయ్యా?"